విదేశంలో క్లాస్‌మేట్లతో ముచ్చట పెట్టడం ఎలా?

జూలై వచ్చిందంటే నా ఫోన్‌కు తీరిక ఉండదు. హన్మకొండలో మా కాలనీ పిల్లలు, వాళ్ల చుట్టాల పిల్లలు, కరీంనగర్, జగిత్యాల నుంచి ఎవరో ఇచ్చిన నంబర్ పట్టుకుని చేసేవాళ్లు. సూట్‌కేసులో ఎన్ని కిలోలు పడతాయి, కుక్కర్ అక్కడ దొరుకుతుందా అని మొదలుపెట్టి, చివర్లో కొంచెం గొంతు తగ్గించి అడుగుతారు: "అక్కా, క్లాసులో వాళ్లతోని ఏం మాట్లాడాలె?" పోయిన రెండు నెలలకు మళ్లీ మెసేజ్: "అందరు మంచోళ్లే అక్కా. కానీ హాయ్ అన్నంక నోరు పెగుల్తలేదు."

నేను 2021 ఆగస్టులో అమెరికా మిడ్‌వెస్ట్‌కు ఎమ్మెస్ చదవడానికి వెళ్లాను. ఇంట్లో నలుగురం తెలుగువాళ్లమే. మొదటి సెమిస్టర్ అయిపోయేసరికి క్లాసులో నాకు పేరుతో తెలిసినవాళ్లు ఇద్దరు, వాళ్లలో ఒకరు ప్రొఫెసర్. రెండో సెమిస్టర్‌లో చేసిన తప్పులు, దిద్దుకున్న తీరు ఇక్కడ రాస్తున్నాను. అడిగిన ప్రతి ఒక్కరికీ విడివిడిగా వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక ఇక లేదు.

ఒకటి ముందే చెప్పాలి. ముచ్చట అంటే ఏదో పెద్ద విషయం ఉండాలని మనలో చాలామంది అనుకుంటారు. వేయిస్తంభాల గుడి 1163లో కట్టారు, రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది అని వల్లె వేసుకుని పోతారు. అవి అడిగినప్పుడు చెప్పేవి. సోమవారం పొద్దున్న పనికొచ్చేది నిన్న రాత్రి మీ అన్నం ఎట్లా మాడిందో ఆ కథ.

కావలసినవి

- ఫోన్‌లో ఒక నోట్. పడుకునే ముందు ఆ రోజు జరిగిన ఒక్క చిన్న సంగతి అందులో రాయండి. "బస్సు కోసం ఉరికిన, డ్రైవర్ చెయ్యి ఊపి పోయిండు." ఇంతే చాలు.
- ఏడెనిమిది ఫోటోలు, వేరే ఆల్బమ్‌లో. ఇంటి ముందు ముగ్గు, మేడ మీద ఎండబోసిన మిరపకాయలు, భద్రకాళి చెరువు కట్ట, కాజీపేట స్టేషన్‌లో చాయ్. పెళ్లి ఆల్బమ్ వద్దు. రెండు వేల ఫోటోల గ్యాలరీ తెరిచి "ఒక్క నిమిషం, ఇక్కడే ఉంది" అని వెతుకుతుంటే ఎదుటివాళ్ల ఓపిక అయిపోతుంది.
- క్లాసుకు పది నిమిషాల ముందు చేరే అలవాటు.
- మూత గట్టిగా పట్టే చిన్న స్టీలు డబ్బా. ఎందుకో ఆరో మెట్టులో చెప్తాను.

గడగడా మాట్లాడే ఇంగ్లీషు ఈ జాబితాలో లేదు. కావాలనే రాయలేదు.

1. అమ్మ ఫోన్ టైమ్ మార్చండి

నవ్వకండి, అన్నిటికంటే ముందు చేయాల్సింది ఇదే. అక్కడ వేసవి గడియారం (గంట ముందుకు జరిపిన టైమ్) నడుస్తున్నన్ని రోజులు మన దగ్గర రాత్రి తొమ్మిదిన్నర అయితే మిడ్‌వెస్ట్‌లో చాలా చోట్ల పొద్దున పదకొండు. ఇక్కడ తిన్న గిన్నెలు కడిగి, సీరియల్ చూసి, అమ్మ ఫోన్ పట్టుకుని కూర్చునే వేళ అది. అక్కడ క్లాసు వదిలే వేళ కూడా అదే. బ్యాగులు సర్దుకుంటూ, తలుపు దగ్గర నిలబడి, కాఫీకి నడుస్తూ వాళ్లు మాట్లాడుకునేదంతా ఆ పది నిమిషాల్లోనే. ఆ పది నిమిషాలూ నేను కారిడార్ చివర ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని "తిన్నవా బిడ్డా?" "తిన్న అమ్మా" అంటూ గడిపాను. ఒక సెమిస్టర్ అంతా.

అమ్మకు మన పొద్దున ఏడు గంటలు చెప్పండి, అక్కడ రాత్రి ఎనిమిదిన్నర అవుతుంది. నవంబర్ మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి జరుపుతారు, మార్చి రెండో ఆదివారం మళ్లీ ముందుకు. ఈ సంగతి ఇంట్లో ముందే చెప్పండి. లేకపోతే మీరు ల్యాబ్‌లో ఉండగా ఫోన్ మోగుతుంది, మీరు ఎత్తరు, ఇంటిల్లిపాదికీ టెన్షన్.

2. మీ పేరు మీరే చెప్పండి

మన పాస్‌పోర్టుల్లో పేర్ల గోల తెలిసిందే. కొందరికి ఇంటిపేరు, అసలు పేరు అటూ ఇటూ అవుతాయి. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవాళ్లకు అమెరికా వీసాలో ముందుపేరు బదులు "ఎఫ్ఎన్‌యు" అని పడుతుంది, ముందుపేరు తెలియదు అని దానర్థం. అదే యూనివర్సిటీ జాబితాలోకి వెళ్తుంది. కరీంనగర్ నుంచి వచ్చిన ఒక తమ్ముణ్ని మూడు వారాలు అందరూ "ఫ్నూ" అని పిలిచారు. మొహమాటానికి పలికాడు. పలికేకొద్దీ అదే పేరు స్థిరపడిపోయింది.

అందుకని మొదటి రోజే మీ పేరు ముక్కలుగా పలికి చెప్పండి. పొడుగు పేరైతే ఏ ముక్కతో పిలవాలో మీరే ఎంచి చెప్పండి. "ఏదో ఒకటి పిలువు" అనకండి. పేరు కూడా చెప్పుకోలేదంటే మాట కలపడం ఇష్టం లేదేమో అని వాళ్లు అనుకుంటారు. తర్వాత వాళ్ల పేరు మీరు పలికి "సరిగ్గా అన్నానా?" అని అడగండి. పోలిష్ ఇంటిపేరు ఉన్న ఒక అబ్బాయితో నా మొదటి ముచ్చట ఇట్లనే మొదలైంది. తన పేరును ఇంతవరకు ఎవరూ సరిగ్గా పలకలేదని పావుగంట చెప్పాడు.

3. మూడు వాక్యాల కొలత

దారిలో ఎదురుపడి "హౌ ఆర్ యూ" అంటే అది ప్రశ్న కాదు. మన దగ్గర "ఏం సంగతి, మంచిదేనా" అనుకుంటూ ఆగకుండా పోతాం చూడండి, అది. "గుడ్, యూ?" అంటే సరిపోతుంది. కానీ సోమవారం క్లాసు మొదలయ్యే ముందు పక్క సీటు నుంచి "హౌ వాజ్ యువర్ వీకెండ్?" అని వస్తే అది నిజంగా అడిగినట్టే. మనం "ఫైన్" అని దానికి తలుపు వేసేస్తాం.

ఇట్లా చెప్పండి: జరిగింది ఒకటి, కళ్లకు కట్టే వివరం ఒకటి, తిరుగు ప్రశ్న ఒకటి. మొత్తం మూడు వాక్యాలు. నా మొదటి గెలుపు ఇది:

"శనివారం పప్పుకు పోపు పెడుతుంటే స్మోక్ అలారం మోగింది. మూడంతస్తుల వాళ్లూ దుప్పట్లు కప్పుకుని చలిలో కింద నిలబడ్డారు, ఒకాయన పిల్లిని చంకన పెట్టుకుని నన్నే చూస్తున్నాడు. మీ బిల్డింగ్‌లో ఎప్పుడైనా ఇట్లా అయిందా?"

అయిందట. అందరికీ అయిందట. ఒకరికి పాప్‌కార్న్ మాడి, ఒకరికి ఓవెన్‌లో పిజ్జా అట్టపెట్టెతో సహా పెట్టి. ఆ రోజు ప్రొఫెసర్ వచ్చి గొంతు సవరించుకునే దాకా మా వరుస ఆగలేదు.

(పోపు పెట్టేముందు కిటికీ తెరిచి, పొయ్యి మీది ఫ్యాన్ వేయండి. ఎండుమిర్చి చివర్న వేయండి. అలారానికి ప్లాస్టిక్ సంచి చుట్టమని సీనియర్లు ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. నిజంగా మంటలు లేస్తే ఎవరికీ తెలియదు.)

"ఏం జరగలేదు, మొత్తం అసైన్‌మెంట్లే" అనిపించే వారాలే ఎక్కువ. అందుకే ఆ ఫోన్ నోట్. బట్టలు ఉతికే గదిలో చిల్లర లేక తిప్పలు పడటం, మంచు మీద జారి కూర్చుని ఎవరైనా చూశారా అని చుట్టూ చూడటం, ఏదైనా పనికొస్తుంది. మీరు కొంచెం తెల్లబోయిన సంగతి అయితే ఇంకా మంచిది. మార్కుల గొప్పకు ఎవరూ ముచ్చట కలపరు.

జాగ్రత్త: నాలుగో వాక్యం వాళ్లు అడిగితేనే. మన దగ్గర కథ బస్టాండ్ నుంచి మొదలుపెట్టినా వింటారు. అక్కడ అసలు సంగతి ముందు రావాలి.

4. లెక్కలూ మాటలూ మార్చుకోండి

"మే నెలలో మా దగ్గర 45 డిగ్రీలు, బయట అడుగు పెట్టలేం" అన్నాను ఒకసారి, బాధగా. పక్కనమ్మాయి అంతకంటే బాధగా "అవును, జాకెట్ లేకుండా కష్టమే" అంది. ఇద్దరం ఒకరినొకరం వింతగా చూసుకున్నాం. వాళ్లది ఫారెన్‌హీట్. 45 ఫారెన్‌హీట్ అంటే మన లెక్కలో 7 డిగ్రీలు, స్వెటర్ చలి. మన 45 చెప్పాలంటే 113 అనాలి. రామగుండం, మంచిర్యాల వాళ్లు ఈ ఒక్క అంకె బట్టీ పట్టి వెళ్లండి, ఎండ ముచ్చట మీకు ఎట్లాగూ వస్తుంది.

లక్ష, కోటి వాళ్లకు తెలియవు. లక్ష అంటే హండ్రెడ్ థౌజండ్, కోటి అంటే టెన్ మిలియన్. దూరం మైళ్లలో చెప్పండి: హన్మకొండ నుంచి హైదరాబాద్ దగ్గర దగ్గర 90 మైళ్లు.

మాటల దగ్గర ఇంకా చిక్కులున్నాయి. మన ఇంగ్లీషులో తప్పేం లేదు, అక్కడ అర్థం వేరు, అంతే. నేను, నా రూమ్మేట్లు దెబ్బతిన్నవి ఇవి:

- "2021లో పాస్డ్ అవుట్" అంటే స్పృహ తప్పి పడిపోయారని. "గ్రాడ్యుయేటెడ్" అనండి.
- "ఐ హ్యావ్ ఎ డౌట్" అంటే మీరు చెప్పేది నమ్మడం లేదని వినపడుతుంది. "క్వశ్చన్" అనండి.
- "రబ్బర్" అడగొద్దు. అక్కడ దానికి కండోమ్ అని అర్థం. "ఇరేజర్" అనండి. మా ఇంట్లో ఒకమ్మాయి మిడ్‌టర్మ్ రోజు, నిశ్శబ్దంగా ఉన్న హాల్లో, వెనక సీటు అబ్బాయిని అడిగింది.
- "అవుట్ ఆఫ్ స్టేషన్" కాదు, "అవుట్ ఆఫ్ టౌన్". "కరెంట్" పోదు, "పవర్" పోతుంది. పెరుగు "యోగర్ట్", బెండకాయ "ఓక్రా".
- "కజిన్ బ్రదర్" అక్కర్లేదు, "కజిన్" చాలు. బావకు మాత్రం ఇంగ్లీషులో మాట లేదు. మేనత్త కొడుకైతే కజిన్, అక్క మొగుడైతే బ్రదర్ ఇన్ లా. ఇద్దరూ ఒక్కరే అయితే ముందు ఊపిరి పీల్చుకోండి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో మేనరికానికి చట్టం ఒప్పుకోదు. "మా అక్క మా కజిన్‌ను చేసుకుంది" అని కాఫీ టేబుల్ దగ్గర మామూలుగా అనేస్తే తర్వాత అరగంట దానికే పోతుంది. అరగంట ఉంటేనే మొదలుపెట్టండి.

ఎదుటివాళ్ల ముఖంలో అయోమయం కనపడితే ఆగి "మా దగ్గర ఈ మాటకు ఇది అర్థం" అని చెప్పేయండి. ఆ తప్పే సగం ముచ్చట అవుతుంది.

5. మన లోకం ముచ్చట చెప్పేముందు ముడి విప్పండి

2022 ఫిబ్రవరిలో మేడారం జాతర. ఇంట్లో వాళ్లు ఫోటోలు పంపారు. ల్యాబ్‌లో ఒకరు ఏం చూస్తున్నావని అడిగితే ఉత్సాహంగా చెప్పాను: "మా అమ్మ మొక్కు తీర్చుకుంది. తన బరువంత బంగారం అమ్మవార్లకు ఇచ్చింది."

ల్యాబ్ మొత్తం చప్పుడు ఆగిపోయింది. ఒకతను నా అరిగిపోయిన షూస్ వైపు చూశాడు. "ఎన్ని కిలోలు?" అన్నాడు ఇంకొకతను. నేను ఇంకా అర్థం కాక "అరవై ఉంటుందేమో" అన్నాను.

మేడారంలో బంగారం అంటే బెల్లం అని మనకు పుట్టినప్పటి నుంచి తెలుసు కాబట్టి చెప్పాలని తోచదు. మీకు అందరికంటే బాగా తెలిసిన ముచ్చట్లలోనే ఇట్లాంటి ముడులు ఉంటాయి. చెప్పేముందు మనసులో ఒక్కసారి అడగండి: హైదరాబాద్ కూడా చూడని మనిషికి ఇందులో ఏ మాట తెలియదు? ఆ మాట ముందు విప్పండి. "సమ్మక్క, సారలమ్మ అని తల్లీకూతుళ్లు. రాజుతో పోరాడి ప్రాణాలిచ్చిన కోయ ఆడవాళ్లు. రెండేళ్లకోసారి అడవిలో జాతర. అక్కడ బెల్లాన్నే బంగారం అంటాం." ఈ నాలుగు ముక్కల తర్వాత అమ్మ తూకం గురించి చెప్తే అందరూ నవ్వుతూ వింటారు.

పోతే, జాతర మొత్తం చెప్పాలని కూర్చోకండి. కంకవనం, గద్దెలు, ఎడ్లబండ్లు, ట్రాఫిక్ అన్నీ ఒకే రోజు వద్దు. అమ్మ తక్కెడలో కూర్చున్న ఫోటో ఒక్కటి చూపించండి. మిగతాది వాళ్లే అడుగుతారు, అడగకపోతే వాళ్లకు అంతే చాలు.

6. తిండి పంచుకోవడం

సంక్రాంతికి ఇంటి నుంచి సకినాలు వస్తాయి. డబ్బాలో నాలుగు వేసుకుని క్లాసుకు వెళ్లండి. ఇచ్చేముందు ఒక్క ప్రశ్న తప్పనిసరి: "నువ్వులు పడతాయా?" 2023 జనవరి 1 నుంచి అమెరికాలో ప్యాకెట్ల మీద కచ్చితంగా రాయాల్సిన ముఖ్యమైన అలర్జీ పదార్థాల్లో నువ్వులు తొమ్మిదోది. పల్లీలు ముందు నుంచీ ఉన్నాయి. సకినాల్లో నువ్వులు, సర్వపిండిలో నువ్వులూ పల్లీలూ రెండూ. మన దగ్గర పల్లీ పడని మనిషిని నేను చూడలేదు. అక్కడ మా ల్యాబ్‌లోనే ఒకమ్మాయి ఎప్పుడూ అలర్జీ వస్తే పొడుచుకునే ఇంజెక్షన్ పెన్ను బ్యాగులో పెట్టుకుని తిరిగేది. ఇది మర్యాద సంగతి కాదు, ప్రాణం సంగతి. పది మందికి వండి తెస్తే గిన్నె పక్కన చీటీ పెట్టండి: ఏమేం వేశారు, మాంసం ఉందా, కారం ఎంత.

కారం సంగతి మన నాలుకను అడక్కండి. మిర్చికి పేరున్న ఎనుమాముల మార్కెట్ పక్క నుంచి వచ్చిన మనం "అసలు కారమే లేదు" అన్నది తిని ఒకతను రెండు గ్లాసుల పాలు తాగాడు. "నాకు తక్కువ, నీకు ఎక్కువ కావచ్చు" అనండి.

ఇంకోటి, నాకు అన్నిటికంటే కష్టమైంది. వద్దంటే వదిలేయాలి. మన దగ్గర మూడుసార్లు వద్దన్నాకే ప్లేటు పట్టుకుంటాం, పెట్టేవాళ్లకూ అది తెలుసు. అక్కడ ఒక్కసారి "నో, థాంక్స్" అంటే అయిపోయింది. "అయ్యో, ఒక్కటి తిను" అని వెంటపడితే ఇబ్బంది పడతారు. ఇది రెండు వైపులా పనిచేస్తుంది: మీకు ఎవరైనా కేక్ ఇస్తే మొహమాటానికి వద్దనకండి, రెండోసారి అడగరు. నేను ఆకలితో ఉండి కూడా వద్దని, ఎదురుగా అందరూ తింటుంటే చూస్తూ కూర్చున్న రోజులున్నాయి.

పిండివంటలు రాకపోతే? సర్వపిండి నేర్చుకుని వెళ్లండి. బియ్యప్పిండి, నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లికాడలు, కారం, ఉప్పు. నాన్‌స్టిక్ పెనంలో చేత్తో ఒత్తి, వేలితో రంధ్రాలు పెట్టి, నూనె వేసి మూత పెట్టడమే. క్లాస్‌మేట్‌ను వంటింట్లోకి పిలిచి రంధ్రాలు పెట్టే పని ఇవ్వండి. చేతికి పిండి అంటుకున్నాక మొహమాటం నిలవదు.

మన దగ్గర నుంచి తెచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టు కస్టమ్స్ దగ్గర తినేవి ఉన్నాయని చెప్పండి. నాటుకోడి పచ్చడి, మటన్ పచ్చడి పెట్టుకోవద్దు, మాంసం తీసేసుకుంటారు. అమ్మ ఎంత బతిమాలినా.

7. పండుగ గురించి చెప్పకండి, పనికి పిలవండి

బతుకమ్మ మీద స్లైడ్లు చేసి చూపించాను మొదట. పన్నెండు మంది వచ్చారు, చప్పట్లు కొట్టారు, వెళ్లిపోయారు. తర్వాతి ఏడాది పూలు తెచ్చి బల్ల మీద కుప్ప పోసి "రండి, పేర్చాలి" అన్నాను. వచ్చింది ఆరుగురే, రాత్రి పదైనా కదల్లేదు.

పూలకు ఇబ్బంది లేదు. అక్కడ శరదృతువులో చామంతి కుండీలు ప్రతి కిరాణా షాపు ముందూ ఉంటాయి, "మమ్స్" అని అడగండి. బంతి దొరుకుతుంది. మన గునుగుకు దగ్గరి చుట్టం "సెలోషియా" పేరుతో మొక్కల దుకాణాల్లో అమ్ముతారు. తంగేడు మాత్రం దొరకదు. ఏదైనా పసుపు పువ్వుతో సర్దుకోండి, అమ్మకు ఫోటో పంపితే "తంగేడు లేని బతుకమ్మేంది" అంటుంది, అననివ్వండి. క్యాంపస్ తోటలో పూలు కోయొద్దు. అడగకుండా చెరువులో వేయొద్దు. మేం తొట్టిలో నీళ్లు పోసి నిమజ్జనం చేశాం.

పాట మొత్తం నేర్పాలని చూడకండి. "ఉయ్యాలో" ఒక్కటి నేర్పండి, లైనుకోసారి వస్తుంది, అందరూ అందుకుంటారు. సద్దుల బతుకమ్మ రోజు క్లాసు ఉంటే, బుధవారం సాయంత్రానికో శనివారానికో మార్చుకోండి. తిథి తప్పిందని పెద్దవాళ్లు తిడితే నా పేరు చెప్పండి.

8. వినండి, గుర్తు పెట్టుకోండి

మీరు చెప్పినంతకు రెండింతలు వినాలి. వాళ్లు చెప్పిన ఒక్క వివరం అదే ఫోన్ నోట్‌లో రాయండి: కుక్క పేరు, తాతకు ఆపరేషన్, శుక్రవారం ఇంటర్వ్యూ. తర్వాత కలిసినప్పుడు అదే అడగండి. నేను ఈ వ్యాసంలో చెప్పిన వాటిలో ఒక్కటే చేయగలనంటే ఇది చేయండి.

ఎక్కువగా జరిగే తప్పులు

టేబుల్ దగ్గర ఐదుగురిలో నలుగురం తెలుగువాళ్లమైతే రెండు నిమిషాల్లో తెలుగులోకి జారిపోతాం. ఐదో మనిషి ఫోన్ చూసుకుంటాడు. మనం అతని గురించే మాట్లాడుతున్నామని అనుకున్నా తప్పు లేదు. జారితే మీరే ముందు ఆగి, ఏం మాట్లాడుకున్నామో ఒక్క ముక్క ఇంగ్లీషులో చెప్పండి.

జీతం ఎంత, రెంట్ ఎంత, వయసెంత, పెళ్లెప్పుడు, లావయ్యావేంటి, ఇవి మన దగ్గర ప్రేమతో అడుగుతారు. అక్కడ అడగొద్దు. మార్కులు కూడా. తెలుగువాళ్లు కలవగానే ఇంటిపేరు అడిగి కులం లెక్క కట్టే అలవాటు కొందరు విమానంలో వెంట తీసుకొస్తారు, దాన్ని కాజీపేటలోనే దించేసి రావాల్సింది.

ప్రతి రోజూ ఫిర్యాదే చెప్పేవాళ్లు ఇంకొకరు. చలి, తిండి, బస్సు, ప్రొఫెసర్. నిజమే కావచ్చు. మూడు ముచ్చట్లలో ఒకటి దాటొద్దు. అయితే నిజంగా మనసు బాగాలేక నిద్ర పట్టక, క్లాసుకు పోబుద్ధి కాకపోతే అది ముచ్చటతో తీరేది కాదు. యూనివర్సిటీలో కౌన్సెలింగ్ విభాగం ఉంటుంది, సిగ్గుపడకుండా వెళ్లండి.

క్లాస్‌మేట్ల ఫోటో తీసి అడగకుండా వాట్సాప్ స్టేటస్ పెట్టకండి. స్టేటస్ మీ పెద్దమ్మ చూస్తుంది, "ఆ పక్కన పిలగాడెవరు" అని అక్కడ వేరే ముచ్చట మొదలవుతుంది.

పంచుకోకూడని దాంట్లో గట్టిగా చెప్పాల్సింది ఒకటి: అసైన్‌మెంట్ జవాబులు. మన దగ్గర రికార్డు ఇచ్చిపుచ్చుకోవడం స్నేహం. అక్కడ ఇచ్చినవాళ్ల మీదా తీసుకున్నవాళ్ల మీదా చర్య ఉంటుంది. "ఎట్లా చేశావో చెప్పు" అంటే కూర్చుని చెప్పండి, ఫైల్ పంపకండి.

పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది?

రెండో ప్రశ్న చూడండి. మీరు మూడు వాక్యాలు చెప్పాక వాళ్లు ఇంకో ప్రశ్న అడిగితే ముచ్చట అతికినట్టే. "ఓ, దట్స్ ఇంటరెస్టింగ్" అని బ్యాగ్ జిప్పు వేస్తే అతకలేదు. అది పొగడ్త అనుకుని నేను చాలా రోజులు సంతోషపడ్డాను. అప్పుడు మనసు కష్టపెట్టుకోకుండా "సరే, గురువారం కలుద్దాం" అని వదిలేయండి.

నాలుగు వారాలకు ఫోన్ నోట్ తెరవండి. ముగ్గురు క్లాస్‌మేట్ల గురించి, చదువు కాకుండా, ఒక్కొక్క సంగతి రాసి ఉందా? ఉంటే దారిలో పడ్డారు. మీ గురించే ముప్పై లైన్లు ఉండి వాళ్ల గురించి ఏమీ లేకపోతే ఎనిమిదో మెట్టుకు వెళ్లండి. మీరు చెప్పకుండానే "ఆ స్మోక్ అలారం మళ్లీ మోగిందా?" అని వాళ్లే అడిగిన రోజు ఇంక ఈ మెట్లు లెక్కపెట్టక్కర్లేదు.

అమెరికా కాకపోతే

ఇంగ్లండ్‌లో "ఆర్ యూ ఆల్‌రైట్?" అంటే మీ ఒంట్లో బాగాలేదని కాదు, అది పలకరింపే. వానను తిట్టుకోవడంతో అక్కడ ఏ ముచ్చటైనా మొదలవుతుంది. జర్మనీలో పుట్టినరోజు వస్తే మీరే కేక్ పట్టుకెళ్లాలి. వాళ్ల పుట్టినరోజుకు ఒక రోజు ముందే శుభాకాంక్షలు చెప్పకండి, అశుభం అనుకుంటారు. అక్కడ ఆదివారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి, కాబట్టి ఆ కేక్ శనివారమే తెచ్చుకోండి.

నాలుగు వారాలు గడిచినా ఏమీ కదలకపోతే మీ లోపం అని కూర్చోకండి, సీటు మార్చండి. మొదటి రోజు ఎవరు ఎక్కడ కూర్చుంటే సెమిస్టర్ అంతా అక్కడే కూర్చుంటారు, ఎవరూ రాసిపెట్టకపోయినా. మనం తెలుగువాళ్ల వరుసలో గోడ పక్కన కూర్చుంటాం. మధ్య వరుసలో, నడవ పక్క సీటు చూసుకోండి, పది నిమిషాల ముందు వెళ్తే దొరుకుతుంది. రూమ్మేట్లు "ఏందే, మాతోని కూసుంటలేవు" అంటారు. రాత్రి వంట మీరే చేస్తానని చెప్పండి.